పెద్దపాపకు మలం నల్లగా వస్తోంది: ఇది సిరప్పు వలననా, మరేదైనా కారణమా?

తిరుచానూరు_తల్లి
మా పెద్దపాపకు మూడేళ్లు. రక్తహీనత రాకుండా వేసే సిరప్పు సీసాను పోయిన వారం ఆశా కార్యకర్త ఇంటికి తెచ్చి ఇచ్చి, వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు వేయమని చెప్పి వెళ్లారు. రెండోసారి వేసిన మరునాటి నుంచి పాపకు మలం నల్లగా వస్తోంది. జ్వరం లేదు, కడుపు నొప్పి అనడం లేదు, రాగిసంగటి ఎప్పటిలాగే తింటోంది, ఆట మానలేదు. అయినా కడుపులో రక్తం కారితే మలం నల్లబడుతుందని మా అత్తగారు ఎక్కడో విని, సిరప్పు వెంటనే ఆపేయమంటున్నారు. ఆపాలా, వేయాలా అన్నది తేలక మీ అందరినీ అడుగుతున్నాను.

చిన్నవాడితో నాకు ఏ ఇబ్బందీ లేదు. ఈ శుక్రవారానికి వాడికి ఆరు వారాలు నిండుతాయి. తల్లిపాలు తప్ప మరేమీ పట్టడం లేదు కాబట్టి మలం కూడా తెల్లగా, సున్నపు ముద్దలా ఉంటుంది. పుట్టినప్పుడు వచ్చిన కామెర్లు కంట్లో ఇంకా కొద్దిగా మిగిలి ఉన్నాయి గానీ, పొద్దున్నే ఎండలో పడుకోబెడుతుంటే తగ్గుతాయని అందరూ చెబుతున్నారు. నా బెంగంతా పెద్దదాని గురించే.

కుప్పం_కొత్తనాన్న
మా అక్క కూతురికి కూడా ఇదే సిరప్పు వేసినప్పుడు ఇలాగే నల్లగా వచ్చింది. ఎవరూ ఆపలేదు, పాప బాగానే ఉంది. తెలిసినవారు వివరంగా చెబితే అందరికీ ఉపయోగం.

పుత్తూరు_మందులంగడి
ఆ సిరప్పులో ఉండేది ఇనుము, ఫోలిక్ ఆమ్లం. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు ప్రభుత్వం వారానికి రెండుసార్లు ఇప్పిస్తున్న మందు ఇది. ఒక మిల్లీలీటరులో 20 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. పేగులు అందులో కొంత భాగాన్నే పీల్చుకోగలవు. మిగిలినది మలంతో బయటికి వచ్చేటప్పుడు దానిని నల్లగానో, నలుపు కలిసిన ముదురాకుపచ్చగానో మారుస్తుంది. అంగడికి వచ్చే తల్లులలో సగం మంది ఈ రంగు చూసి భయపడి, సీసాను అలమరలో పెట్టి మరిచిపోతారు. రంగు మారిందంటే మందు హాని చేసినట్లు కాదు. మందు ఆపిన కొద్ది రోజులకు మలం పాత రంగుకు వస్తుంది, తిరిగి మొదలుపెడితే మళ్లీ నల్లబడుతుంది. అయితే జ్వరంగానీ విరేచనాలుగానీ ఉన్న రోజుల్లో వేయకుండా, తగ్గిన తర్వాత కొనసాగించాలి.

అవ్వమాట
అత్తగారి మాటను పూర్తిగా కొట్టిపారేయకండి. మా కాలంలో ఈ సిరప్పులు లేవు, నల్లగా వస్తే నిజంగానే భయపడేవాళ్లం. మా ఊళ్లో ఒక పిల్లవాడికి అలా వచ్చి, చూస్తుండగానే ముఖం పాలిపోయింది. వేలూరుకు తీసుకుపోతే కడుపులో పుండు ఉందన్నారు.

చిత్తూరు_పిల్లలవైద్యం
నేను పిల్లల వైద్యంలో పనిచేస్తున్నాను. ఇక్కడ చెప్పేది సాధారణమైన మాటే తప్ప, బిడ్డను చూసి చేసే పరీక్షకు బదులు కాదు.

అవ్వగారు చెప్పినదీ, మందుల అంగడివారు చెప్పినదీ రెండూ నిజమే. ఈ రెండు నలుపులు వేరు. ఇనుము వలన వచ్చే నలుపులో మలం మామూలు గట్టితనంతోనే ఉంటుంది, వాసన పెద్దగా మారదు, నీళ్లు పోసి పలచన చేస్తే అంచుల్లో ఆకుపచ్చ తేలుతుంది. జీర్ణకోశం, చిన్నపేగు మొదటి భాగం వంటి పై చోట్ల రక్తం కారితే, ఆ రక్తం దారిలో అరిగి తారులాగా మెరుస్తూ, జిగటగా, భరించలేని దుర్గంధంతో వస్తుంది. అటువంటి బిడ్డ తరచుగా నీరసంగా, పాలిపోయి ఉంటుంది, కొందరు రక్తం వాంతి చేసుకుంటారు. మీ పాప సిరప్పు వేసిన మరునాడే నల్లగా వెళ్లడం, తినడం, ఆడుకోవడం చూస్తే ఇది ఇనుము పనే అనిపిస్తోంది. అనుమానం తీరకపోతే మలంలో కంటికి కనిపించని రక్తాన్ని పట్టే చిన్న పరీక్ష ఏ ప్రయోగశాలలోనైనా చేస్తారు.

ఇనుము, ఇతర మందులు ఏవీ వాడని బిడ్డకు తారులాంటి మలం వస్తే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. పుట్టిన మొదటి రెండు రోజుల్లో వచ్చే నల్లని జిగట మలం దీనికి మినహాయింపు, అది గర్భంలో పేరుకున్నదే. అది నాలుగైదు రోజుల్లో ఆకుపచ్చకు, ఆపైన పసుపుకు మారాలి. చనుమొన పగిలిన తల్లి పాలతో పాటు కొంచెం రక్తం మింగిన పసిబిడ్డకు కూడా నల్లటి చారలు రావచ్చు.

పాకాల_జంక్షన్
రంగుల మాట వచ్చింది కనుక చెబుతున్నాను. గంగజాతర రోజుల్లో మా అన్నకొడుకు నీలం రంగు ఐసు తిని, మరునాడు ఉదయం ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించాడు. మలం పచ్చగడ్డి రంగులో మెరిసిపోతోంది. మా అమ్మ ఎర్రనీళ్లతో దిష్టి తీసింది, వాడు ఆ మధ్యాహ్నమే ఇంకో ఐసు కావాలన్నాడు.

నగరి_మగ్గం
మా ఇంట్లో బీట్‌రూట్ వేపుడు చేసిన ప్రతిసారీ ఇదే కథ. ఇప్పుడు తిరుపతి అంగళ్లలో దొరుకుతున్న ఎర్రగుజ్జు డ్రాగన్ పండు కూడా అంతే, మూత్రం సైతం గులాబీ రంగులోకి మారుతుంది. ముందురోజు ఏం తిన్నారో గుర్తు చేసుకుంటే సగం భయాలు అక్కడే పోతాయి.

కుప్పం_కొత్తనాన్న
మా బాబుకు నాలుగో నెల, తల్లిపాలే. మొన్నటి దాకా ఆవపిండి రంగులో, మధ్య మధ్య గింజల్లాంటివి కనిపిస్తూ వచ్చేది. ఇప్పుడు రెండు మూడు రోజులుగా ఆకుపచ్చగా వస్తోంది. పళ్లు వస్తున్నాయని ఇంట్లో అంటున్నారు. ఇది నిజమేనా?

చిత్తూరు_పిల్లలవైద్యం
పళ్లకూ మలం రంగుకూ సంబంధం లేదు. ఆ వయసులో చేతికి అందినదల్లా నోట్లో పెట్టుకోవడం వలన కొందరికి విరేచనాలు పట్టుకుంటాయి, ఆ నింద పళ్ల మీద పడుతుంది. బాబు బాగా తాగుతూ, బరువు పెరుగుతూ, రోజుకు ఆరేడుసార్లు మూత్రం పోస్తూ ఉంటే ఆకుపచ్చ రంగు కోసం ఏమీ చేయనవసరం లేదు. నీళ్లలా వెళ్లినా, జ్వరం వచ్చినా, రక్తం కనిపించినా, పాలు మానినా చూపించండి.

పలమనేరు_ఏఎన్‌ఎం
అందరూ పెద్దపాప గురించే మాట్లాడుతున్నారు. తిరుచానూరు తల్లీ, మీ మొదటి టపాలో రెండో పేరాను నేను రెండుసార్లు చదివాను. దయచేసి మిగతా చర్చను పక్కనపెట్టి నాకు సమాధానం చెప్పండి. ఆరు వారాల బిడ్డకు కళ్లలో పసుపు ఇంకా ఉందన్నారు, మలం సున్నపు ముద్దలా తెల్లగా ఉందన్నారు. మలం మొదటి నుంచీ తెల్లగానే ఉందా, లేక మొదట పసుపుగా ఉండి తర్వాత వెలిసిపోయిందా? బాబు మూత్రం పోసిన తెల్లగుడ్డ మీద పసుపు మరక పడుతోందా?

తల్లిపాలు తాగే బిడ్డ మలం పసుపుగా ఉంటుంది, తెల్లగా ఉండదు. పాలు తెల్లగా ఉన్నాయి కనుక మలమూ తెల్లగా ఉంటుందన్న మాటను టీకాల రోజున ఎన్నో ఇళ్లవారి నోట విన్నాను. అది తప్పు. మీకు ఇప్పుడు చూపించవలసింది చిన్నవాడినే.

మదనపల్లె_టమోటా
బాలింతను ఇలా భయపెట్టడం బాగుంటుందా అండీ? మా పాపకు కూడా ఒకసారి విరేచనాల తర్వాత మలం తెల్లగా వచ్చింది, రెండు రోజుల్లో దానంతట అదే సర్దుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు.

పలమనేరు_ఏఎన్‌ఎం
మీ పాపకు అప్పుడు వయసెంత? కామెర్లు ఉన్నాయా?

మదనపల్లె_టమోటా
ఏడాదిన్నర. కామెర్లు లేవు.

చిత్తూరు_పిల్లలవైద్యం
ఏఎన్‌ఎం గారు పట్టుకున్నది సరైన చోటే. నేను మొదటి పేరాకే సమాధానం రాశాను, వారు రెండోదీ చదివారు. వారికి కృతజ్ఞతలు.

మలానికి రంగు ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే తేడా అర్థమవుతుంది. పాతబడిన ఎర్రకణాలు విచ్ఛిన్నమైనప్పుడు వాటిలోని పదార్థం మొదట ఆకుపచ్చగా, ఆ తర్వాత బిలిరుబిన్ అనే పసుపు పదార్థంగా మారుతుంది. కాలేయం దానిని పైత్యరసంలో కలిపి, నాళాల ద్వారా పేగులోకి పంపుతుంది. పెద్దవాళ్ల పేగుల్లోని సూక్ష్మజీవులు దానిని గోధుమ రంగుకు మారుస్తాయి. పసిబిడ్డ పేగుల్లో ఆ సూక్ష్మజీవులు ఇంకా కుదురుకోవు కనుక మలం పసుపుగానే ఉంటుంది. ఆహారం త్వరగా కదిలిపోతే ఆకుపచ్చగా కనిపిస్తుంది. అంటే పసుపు, ఆకుపచ్చ, గోధుమ ఈ మూడూ పైత్యరసం పేగులోకి చేరుతోందనడానికి గుర్తులే. తెలుపు, బూడిద, లేత మట్టి రంగులు అది చేరడం లేదని చెబుతాయి. ఆగిపోయిన బిలిరుబిన్ రక్తంలోకి తిరిగి వెళ్లి కళ్లను పసుపు చేస్తుంది, మూత్రంలోకి దిగి గుడ్డ మీద మరక వేస్తుంది. పసిబిడ్డ మూత్రం మామూలుగా నీళ్లలా ఉండాలి.

మదనపల్లె వారి పాపకు జరిగింది వేరు. విరేచనాలు తగ్గే దశలో ఒకటి రెండుసార్లు వెలిసిన మలం రావచ్చు, కొన్ని ఆమ్లనివారణ మందులకూ రావచ్చు. కామెర్లు లేని, ఏడాది దాటిన బిడ్డకు ఒకసారి వచ్చిపోయిన తెలుపునూ, రెండు వారాలు దాటినా కామెర్లు పోని పసిబిడ్డకు రోజూ వచ్చే తెలుపునూ ఒకే కంటితో చూడకూడదు.

అవ్వమాట
కామెర్లకు మా వైపు ఆకు పసరు పోస్తారు. ఆదివారం పూట పరగడుపున వెళ్లాలి. పెద్దవాళ్లు ఎందరో బాగుపడడం నా కళ్లతో చూశాను. పసిబిడ్డకు తల్లి ద్వారా ఇస్తారు. ఆసుపత్రికి వెళ్లే ముందు అది చూస్తే తప్పేముంది?

చిత్తూరు_పిల్లలవైద్యం
పెద్దవాళ్లకు ఎక్కువగా వచ్చేది కలుషితమైన నీటి వలన వచ్చే కామెర్లు. అందులో చాలామందికి కాలేయం కొన్ని వారాల్లో దానంతట అదే కోలుకుంటుంది. పసరు తాగినవారూ కోలుకుంటారు, తాగనివారూ కోలుకుంటారు, పేరు మాత్రం పసరుకు వస్తుంది. ఈ పసిబిడ్డ విషయంలో అనుమానిస్తున్నది పైత్యనాళాలు మూసుకుపోవడం. దానిని బైలరీ అట్రీషియా అంటారు. సుమారు పదివేల నుంచి ఇరవైవేల జననాలకు ఒకరికి కనిపించే అరుదైన జబ్బు ఇది. ఏ ఆకూ, ఏ మాత్రా మూసుకుపోయిన నాళాన్ని తెరవలేదు. పసరు కోసం ఒక ఆదివారం, దాని గుణం చూడడానికి ఇంకో ఆదివారం ఆగితే పోయేది బిడ్డ కాలమే, అవ్వా. దీనికి చేసే శస్త్రచికిత్స అరవై రోజుల వయసు లోపు జరిగితే పైత్యరసం మళ్లీ పారే అవకాశం ఎక్కువగా ఉంటుంది, వయసు పెరిగేకొద్దీ ఆ అవకాశం తగ్గుతూ పోతుంది. ఈ బాబుకు ఆ గడువుకు మూడు వారాలు కూడా లేదు.

ఎండ మాట కూడా చెప్పాలి. ఇటువంటి కామెర్లకు ఎండ పనిచేయదు. మొదటి వారంలో వచ్చే మామూలు కామెర్లకు కూడా తీవ్రత ఉంటే ఆసుపత్రిలో నీలి దీపాల కింద పెడతారే గానీ ఎండను చికిత్సగా లెక్కించరు.

తిరుచానూరు_తల్లి
ఇప్పుడే అందరివీ చదివాను, చేతులు వణుకుతున్నాయి. ఏఎన్‌ఎం అక్కా, మొదటి రెండు వారాలు మలం పసుపుగానే ఉండేదని మా అమ్మ అంటోంది. తర్వాత నిమ్మపండు రంగుకు వచ్చి, ఇప్పుడు ఏ రంగూ లేకుండా పోయింది. పాత పంచెలను చించి కట్టే గుడ్డల మీద మూత్రం పడిన చోట పసుపు వలయం మిగులుతోంది, సబ్బు పెట్టి ఉతికినా పూర్తిగా పోవడం లేదు. ఒంటికి రాసే పసుపు అంటిందని అనుకున్నాం. కానీ బాబు చక్కగా తాగుతున్నాడు, బరువు కూడా పెరిగాడు, నవ్వుతున్నాడు. అంత పెద్ద జబ్బు ఉన్న బిడ్డ ఇంత హుషారుగా ఉంటాడా?

పలమనేరు_ఏఎన్‌ఎం
ఉంటాడు తల్లీ. ఈ జబ్బు ఆలస్యంగా బయటపడేది అందుకే. మొదటి వారాల్లో బిడ్డ చూడడానికి ఆరోగ్యంగానే ఉంటుంది, బరువు పెరుగుతుంది, చూసినవారు కూడా బాగున్నాడనే అంటారు. ఎర్రగా కనిపిస్తే ఇల్లంతా పరుగు తీస్తుంది, తెల్లగా కనిపిస్తే ఎవరూ కదలరు.

రేపటి ఓపీ కోసం తెల్లవారకముందే సిద్ధంగా ఉండండి. రుయా ఆసుపత్రిలో పిల్లల విభాగం ఉంది, మీకు దగ్గర. కామెర్లు మొత్తం ఎంత ఉన్నాయని మాత్రమే చూపే పరీక్షతో తిరిగి రావద్దు. బిలిరుబిన్‌ను రెండు భాగాలుగా విడదీసి, అందులో డైరెక్ట్ భాగం, అంటే కాలేయం బయటికి పంపడానికి సిద్ధం చేసిన భాగం, ఎంత ఉందో చూడమని అడగండి. ఇప్పుడు వచ్చే మలం ఉన్న గుడ్డనూ, మూత్రపు మరక ఉన్న గుడ్డనూ తీసుకువెళ్లండి. పుట్టినప్పుడు విటమిన్ కె ఇంజెక్షన్ వేశారో లేదో డిశ్చార్జి కాగితంలో చూడండి. పైత్యరసం లేకపోతే ఆ విటమిన్ ఒంటికి పట్టదు, రక్తం గడ్డకట్టడం కష్టమవుతుంది. టీకాల కార్డు మరవద్దు. తల్లిపాలు ఆపవద్దు.

చిత్తూరు_పిల్లలవైద్యం
డైరెక్ట్ భాగం డెసిలీటరు రక్తంలో 1 మిల్లీగ్రాము దాటినా, మొత్తంలో ఐదోవంతుకు మించినా తదుపరి పరీక్షలు వెంటనే జరగాలి. కొన్ని గంటలు పాలు ఆపి చేసే అల్ట్రాసౌండులో పిత్తాశయం ఎలా ఉందో చూస్తారు. పాలు ఎన్ని గంటలు ఆపాలో వారే చెబుతారు. డైరెక్ట్ భాగం పెరగడానికి బైలరీ అట్రీషియా ఒక్కటే కారణం కాదు. ఇన్‌ఫెక్షన్లు, నాళంలో తిత్తి, కొన్ని జీవక్రియ లోపాలు కూడా ఉంటాయి, వాటిలో కొన్నింటికి మందులతో చికిత్స ఉంది. అందువలన ఇప్పుడే జబ్బుకు పేరు పెట్టుకుని కుంగిపోకండి, త్వరపడండి.

శ్రీకాళహస్తి_పాపనాన్న
నేను ఈ వేదికలో చదవడమే తప్ప రాసేది తక్కువ. ఇది చూశాక రాయకుండా ఉండలేకపోతున్నాను. మా పాపకు ఈ జబ్బే. మాకు మొదట చూపించిన చోట తల్లిపాల కామెర్లని చెప్పి పంపించేశారు, మలం రంగు ఎవరూ అడగలేదు. ఆ తర్వాత మా వదిన చూసి, ఇది మామూలు రంగు కాదని పట్టుబట్టి చెన్నైకి పంపింది. యాభై రోజుల వయసు దాటిన తర్వాత కసాయి శస్త్రచికిత్స జరిగింది. జపాన్‌కు చెందిన మోరియో కసాయి అనే శస్త్రవైద్యుడు 1950లలో రూపొందించిన పద్ధతి కనుక ఆ పేరు వచ్చింది. కాలేయం బయట మూసుకుపోయిన నాళాలను తీసివేసి, చిన్నపేగులో ఒక భాగాన్ని పైకి తెచ్చి నేరుగా కాలేయానికి కుడతారు. పైత్యరసం అందులోకి దిగాలి.

ఆ తర్వాతి రోజుల్లో మేము బిడ్డ ముఖం కన్నా గుడ్డలే ఎక్కువగా చూశాం. ఒక రోజు బూడిద రంగు గుడ్డ మధ్యలో అరచేతి వెడల్పున ఆకుపచ్చ కనిపించింది. వార్డులోని ఆయమ్మ దానిని కిటికీ దగ్గరికి తీసుకువెళ్లి వెలుతురులో చూసి, నర్సును పిలిచింది. పాప ఇప్పుడు బడికి వెళుతోంది. మందులు ఉన్నాయి, అప్పుడప్పుడూ జ్వరం వస్తే నాళాల ఇన్‌ఫెక్షనేమోనని పరుగెత్తవలసి వస్తుంది, ముందు ముందు కాలేయ మార్పిడి అవసరం కావచ్చని కూడా చెప్పారు. శస్త్రచికిత్స అయిన అందరికీ మా పాపలాగే జరుగుతుందని నేను చెప్పలేను. తొందరగా వెళ్లమని మాత్రం చెప్పగలను, సోదరీ.

చంద్రగిరి_కోటవాడ
కాలేయ మార్పిడి అన్నారు కనుక ఒక మాట. మన దేశంలో చిన్నబిడ్డకు విజయవంతంగా చేసిన మొదటి కాలేయ మార్పిడి 1998లో ఢిల్లీలో జరిగింది. ఆ బిడ్డది కాంచీపురం, జబ్బు ఇదే బైలరీ అట్రీషియా. తండ్రి తన కాలేయంలో కొంత ఇచ్చాడు. ఆ బిడ్డ పెద్దవాడై వైద్యుడయ్యాడు. శస్త్రచికిత్స విఫలమైనా దారి మూసుకుపోదు.

నన్ను బాధించేది ఇంకొకటి. తైవాన్‌లో 2004 నుంచి ప్రతి తల్లికీ బిడ్డ మలం రంగులు అచ్చువేసిన కార్డు ఇస్తున్నారు. జపాన్‌లో 2012 నుంచి తల్లీబిడ్డల పుస్తకంలోనే అది ఉంటోంది. ఏ రంగులు సరైనవో, ఏవి కావో తల్లి ఇంట్లోనే పోల్చి చూసుకుంటుంది. మన దగ్గర ఆశా కార్యకర్తలు ప్రసవం తర్వాత నలభై రెండో రోజు దాకా ఇంటికి వచ్చి బిడ్డను చూస్తారు. టీకాల కార్డులో ఒక మూల ఈ రంగులను అచ్చువేయడానికి ఎంత ఖర్చవుతుంది?

పలమనేరు_ఏఎన్‌ఎం
నేను మా ఉపకేంద్రం గోడ మీద రంగు పెన్సిళ్లతో గీసి పెట్టాను. అచ్చువేసిన రంగు అంత కచ్చితంగా ఉండదు గానీ, కనీసం తల్లులు అడుగుతున్నారు.

అవ్వమాట
పసరు మాట నేను వెనక్కి తీసుకోను, పెద్దవాళ్లకు దాని మీద నా నమ్మకం నాది. ఈ పసివాడికి మాత్రం ఆసుపత్రే. తల్లీ, ఇంట్లో ఎవరైనా అడ్డు చెబితే ఒక ముసలమ్మ వెళ్లమందని చెప్పు.

తిరుచానూరు_తల్లి
ఆసుపత్రి నుంచే రాస్తున్నాను. గుడ్డ చూపించగానే లోపలికి పిలిచారు. బిలిరుబిన్ మొత్తం 9, అందులో డైరెక్ట్ భాగం 6 దాకా వచ్చింది. బాబును చేర్చుకున్నారు, విటమిన్ కె వేశారు. రేపు ఉదయం పాలు ఆపి స్కాన్ చేస్తారట. నాళాలే కారణమని తేలితే పిల్లల శస్త్రచికిత్స ఉన్న చోటికి పంపుతామని, వేలూరా చెన్నైయా అన్నది స్కాన్ తర్వాత నిర్ణయిద్దామని చెప్పారు. మా అత్తగారు పెద్దపాపను చూసుకుంటున్నారు, సిరప్పు కూడా ఆవిడే వేస్తున్నారు. శ్రీకాళహస్తి అన్నగారూ, వీలుంటే మీరు పాపను చూపించిన విభాగం వివరాలు నాకు విడిగా పంపండి.

శ్రీకాళహస్తి_పాపనాన్న
పంపాను. ఆరోగ్య పథకం కార్డు, ఆధార్ కార్డులు, బిడ్డ పుట్టిన ధ్రువపత్రం లేదా డిశ్చార్జి కాగితం దగ్గర పెట్టుకోండి. రాష్ట్రం దాటి వెళితే పథకం వర్తిస్తుందో లేదో ఇక్కడి ఆసుపత్రిలో పథకం పనులు చూసే వైద్యమిత్రను బయలుదేరే ముందే అడగండి.

మదనపల్లె_టమోటా
చెల్లీ, బాబు కోసం మా ఇంట్లో అందరం ప్రార్థిస్తున్నాం. మీరు వెళ్లడమే మంచిదైంది.

నగరి_మగ్గం
ఎరుపు గురించి కూడా ఒక్కసారి స్పష్టంగా చెప్పండి, వైద్యులుగారూ. మా తమ్ముడి బిడ్డకు ఎనిమిదో నెల. గట్టి మలం మీద ఎర్రటి గీత కనిపిస్తోంది, ముక్కుతూ ఏడుస్తోంది. బీట్‌రూట్ పెట్టలేదు.

చిత్తూరు_పిల్లలవైద్యం
గట్టి మలం పైన గీతలా తాజా రక్తం ఉంటే ఎక్కువసార్లు ఆసనద్వారం దగ్గర చర్మం చీలడమే కారణం. అన్నప్రాశన తర్వాత మలం గట్టిపడడం వలన వస్తుంది. గుజ్జుగా చేసిన పండ్లు, పప్పుకట్టు, తగినన్ని నీళ్లు ఇచ్చి చూడండి, నాలుగైదు రోజుల్లో మెత్తబడకపోతే చూపించండి. ఏడాది లోపు బిడ్డకు ఆవుపాలు ప్రధాన ఆహారంగా పట్టకండి. దాని వలన మలబద్ధకమూ వస్తుంది, రక్తహీనతా వస్తుంది.

అయితే ఈ వయసులోనే మరొకటి ఉంది, దానిని అందరూ తెలుసుకోవాలి. అప్పటిదాకా బాగున్న బిడ్డ ఒక్కసారిగా కాళ్లు కడుపుకు ముడుచుకుని గట్టిగా ఏడుస్తుంది, కాసేపటికి ఏమీ జరగనట్లు ఊరుకుంటుంది, పావుగంటకో అరగంటకో మళ్లీ అదే. నడుమ వాంతులు, మగత. ఆ తర్వాత రక్తం, జిగురు కలిసి ఎర్రటి జెల్లీలాంటి మలం వస్తుంది. పేగులో ఒక భాగం ఇంకో భాగంలోకి దూరిపోవడం వలన జరిగేది ఇది. జెల్లీ కనిపించేదాకా ఆగకూడదు, ఏడుపు తీరు చూసే బయలుదేరాలి. త్వరగా వెళితే గాలితోగానీ సెలైన్‌తోగానీ కింది నుంచి ఒత్తిడి పెట్టి చాలామందికి కోత లేకుండానే సరిచేస్తారు. 108కి ఫోన్ చేయడానికి ఇది తగిన సందర్భం.

జ్వరంతో, బంకతో కలిసి రక్తవిరేచనాలైతే అది పేగు ఇన్‌ఫెక్షన్, దానికి పరీక్షా మందూ వేరు. నొప్పి ఏమీ లేకుండా ముదురెరుపు రక్తం ఎక్కువగా పోతే ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికే వెళ్లాలి.

పుత్తూరు_మందులంగడి
సెఫ్డినిర్ అనే యాంటీబయాటిక్‌తో పాటు ఇనుము వేస్తే మలం ఇటుకరంగులోకి మారుతుంది. అది రక్తం కాదు. మందు కొనేటప్పుడు ఇంట్లో వాడుతున్న సిరప్పుల పేర్లు చెప్పండి, మేమే హెచ్చరిస్తాం.

కుప్పం_కొత్తనాన్న
ఒక సందేహం. మేము ఫోటో తీసి వైద్యులకు పంపితే సరిపోతుందా? మా ఇంట్లో పసుపు బల్బు వెలుగులో ఏది తీసినా పసుపుగానే పడుతోంది.

పలమనేరు_ఏఎన్‌ఎం
అందుకే పగటి వెలుతురులో, కిటికీ దగ్గర, పక్కన ఒక తెల్లకాగితం పెట్టి తీయండి. కాగితం ఫోటోలో తెల్లగా కనిపిస్తేనే మలం రంగును నమ్మవచ్చు. ఫోటో ఉన్నా, ఆ గుడ్డనో డైపరునో మూతి కట్టిన కవరులో వేసి వెంట తీసుకువెళ్లండి. ఒక్కసారిది కాకుండా రెండు మూడుసార్లవి ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే మొదట్లో రంగు ఒకసారి వెలిసి ఇంకోసారి పసుపుగా రావచ్చు.